కొడవలి పిడి, కోసే చెయ్యి

శ్రోతలకు నమస్కారం. కలుపు తీయడం, కోత కోయడం వంటి వంగి చేసే పనులు చాలా ప్రాంతాల్లో స్త్రీల వాటాకే వస్తున్నా, వారు పట్టే పనిముట్లు మాత్రం ఎక్కువగా పురుషుల కొలతలకే తయారవుతున్నాయి. సగటున స్త్రీల పిడికిలి బలం పురుషులదానిలో సుమారు 60 శాతమే. అరచెయ్యి చిన్నది, మోచేతి ఎత్తు తక్కువ. అయితే ఉన్న పనిముట్టునే కాస్త చిన్నది చేసి ఇస్తే చాలుననుకోవడం పొరపాటు.

కొడవలినే తీసుకుందాం. నునుపైన అంచు గల కొడవలి విసురుతో కోస్తుంది, ఆ విసురుకు బరువు తోడ్పడుతుంది. కనుక దాని బరువు తగ్గిస్తే కోసే మనిషే మరింత బలంగా విసరవలసి వస్తుంది. కక్కులు కొట్టిన కొడవలి అలా కాదు, దుబ్బును పట్టుకుని తనవైపు లాగితే రంపంలా తెగుతుంది కాబట్టి తేలికగా ఉన్నా పని చేస్తుంది.

ఇక పిడి. కోసే ఇనుప భాగమైన అలుగూ, పిడీ ఒకే వరుసలో ఉంటే, మొదలంటా కోయాలనుకున్నప్పుడు వేళ్ల కణుపులు నేలకో, మోళ్లకో రాసుకుంటాయి. అది తప్పించుకోవడానికి మణికట్టును వంచుతారు. మణికట్టు వంగితే పట్టు సడలుతుంది, పట్టు సడలితే మరింత గట్టిగా బిగించాలి, బిగించిన కొద్దీ చెయ్యి అలసిపోతుంది. పిడి మొదట్లో చిన్న వంపు ఇచ్చి పైకి లేపితే అలుగు నేలకు దగ్గరగా, పిడికిలి ఎత్తుగా, మణికట్టు తిన్నగా ఉంటాయి. ఇంత చిన్న మార్పు ప్రతి కొడవలిలోనూ ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు. నిజమే, ఈ వంపు నడుము వంగడాన్ని తప్పించదు. కలుపు తీసే పనిముట్టుకైతే పొడవైన కర్ర బిగించి నిలబడి పని చేయవచ్చు గాని, దుబ్బును చేత్తో పట్టుకునే కోతలో ఆ వీలు లేదు.

కొనేటప్పుడు చూడవలసినది ఒకటి చెబుతాను: పిడి లావు. సాధారణంగా 30 నుంచి 40 మిల్లీమీటర్ల అడ్డుకొలత అనుకూలం గాని, స్కేలుకన్నా కోసే మనిషి చెయ్యే నమ్మదగినది. పిడిని పట్టుకున్నప్పుడు బొటనవేలి కొస చూపుడువేలి కొసపైకి కొద్దిగా రావాలి. అందకపోతే పిడి లావు, చెక్కించండి. గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటే సన్నం, జారని రబ్బరు పట్టీ చుట్టండి. వేళ్ల కోసం గాడులు చెక్కిన పిడి చూడటానికి బాగుంటుంది గాని తీసుకోవద్దు. ఆ గాడులు ఒక కొలత చేతికే కుదురుతాయి, మిగిలినవారికి వాటి గట్లు వేళ్ల కింద ఒత్తుకుంటాయి.