నిజమంతా చెప్పిన స్త్రీ

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో ఎవరైనా పోతే నలుగురూ వచ్చి పక్కన కూర్చుంటారు. అదే అప్పులపాలై పరువు పోతేనో, కూతురి కాపురం చెడితేనో, మనమే తలుపులు వేసుకుని కూర్చుంటాం. ఈ రెండు బాధలకూ బైబిల్లో చోటుంది.

ముందు దుఃఖం సంగతి. 13వ కీర్తన తీయండి. ఆరే వచనాలు. మొదటి రెండింటిలో కీర్తనకారుడు "ఎంతవరకు?" అని దేవుణ్ణే నిలదీస్తాడు. 3, 4 వచనాల్లో తనకేం కావాలో అడుగుతాడు. నమ్మిక మాట వచ్చేది 5వ వచనంలో. మనవాళ్లు పొరపడేది ఇక్కడే. పరామర్శకు వెళ్లి "ఏడవకూడదమ్మా, విశ్వాసం ఉండాలి" అంటూ నేరుగా 5వ వచనం అందుకుంటారు. కడుపులో బాధ కడుపులోనే ఉండిపోతుంది. ఈ రాత్రి మొదటి రెండు వచనాలు పైకి చదివి, ఆగండి. ఏ అప్పు, ఎవరన్న మాట, అన్నీ మీ సొంత మాటల్లో దేవుడికి చెప్పుకోండి. అడగడం ఆ తర్వాతే. స్తుతి దాకా రాలేకపోయినా అది ప్రార్థనే. 88వ కీర్తన చీకటి గురించిన మాటతోనే ముగుస్తుంది మరి.

ఇక అవమానం. మార్కు సువార్త 5వ అధ్యాయంలో ఒక స్త్రీ ఉంది. 12 ఏళ్లుగా రక్తస్రావం. ఉన్నదంతా వైద్యులకు పోసినా జబ్బు ముదిరిందే తప్ప తగ్గలేదు. లేవీయకాండం 15వ అధ్యాయం ప్రకారం ఆమె పడుకున్న పరుపు, కూర్చున్న చోటు ముట్టుకున్నవాళ్లకు కూడా సాయంత్రం దాకా మైల. అంటూ ముట్టూ చూసిన మనకు ఆ బతుకు ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. అందుకే గుంపులో వెనకనుంచి వచ్చి యేసు వస్త్రం ముట్టింది. రోగం అక్కడికక్కడే పోయింది. ఆమె చల్లగా వెళ్లిపోవచ్చు. యేసు మాత్రం ఆగి, ముట్టిందెవరని చుట్టూ చూశాడు. చావుబతుకుల్లో ఉన్న యాయీరు అనే సమాజమందిరపు అధికారి కూతుర్ని బాగుచేయడానికి వెళ్తున్నాడాయన, ఆ తొందరలోనూ ఆగాడు. చాటుగా వెళ్లిపోతే ఒళ్లు బాగైనా ఊరి దృష్టిలో ఆమె ఇంకా మైల మనిషే కదా! ఆమె వణుకుతూ వచ్చి నిజమంతా చెప్పింది. అందరి ఎదుటా ఆయన ఆమెను "కుమారీ" అని పిలిచాడు.

మీరూ ఒక్కరికి చెప్పండి. గుట్టు దాచగల మనిషిని చూసుకోండి. సాక్ష్యం పేరుతో వెంటనే సంఘం ముందు నిలబడక్కర్లేదు. తప్పు మీదైతే దేవుని దగ్గర ఒప్పుకోండి, సువార్తలోని సుంకరి జక్కయ్యలా నష్టపోయినవాళ్లకు తిరిగి ఇవ్వండి. అన్యాయం మీకు జరిగిందా? అయితే క్షమాపణ అడగాల్సింది మీరు కాదు. ఆ స్త్రీని పశ్చాత్తాపపడమని యేసు అనలేదు.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకండి. 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్తే విశ్వాసం తగ్గినట్టు కాదు. అపొస్తలుడైన పౌలు వెంట ఉన్న లూకా కూడా వైద్యుడే.