ఆ పేటలో ఏం అమ్ముతున్నారు?

సభకు నమస్కారం.

ఒక పేట స్థితిగతులు తెలుసుకోవాలంటే ఇళ్ల కంటే ముందు దుకాణాలను చూడమంటాను. ఇల్లు ఎప్పుడో కలిగిన రోజుల్లో కట్టుకున్నది కావచ్చు; దుకాణం మాత్రం ఈ నెల అద్దెను ఈ నెల బేరాలతోనే కట్టుకోవాలి కనుక, చుట్టుపక్కల వాళ్లకు అక్కర్లేని సరుకు పెట్టుకుని ఎంతో కాలం నిలవలేదు.

హైదరాబాదులోని అమీర్‌పేటనే తీసుకుందాం. మైత్రీవనం భవన సముదాయం చుట్టూ ఉన్న సందుల్లో సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డుల కింద జిరాక్స్ కొట్లు, హాస్టళ్లు, టిఫిన్ బండ్లు, కర్రీ పాయింట్లు కనిపిస్తాయి. గదిలో అన్నం మాత్రం వండి పెట్టుకుని వచ్చిన కుర్రవాడు ఒక్కడికి సరిపడే పప్పు, కాస్త వేపుడు అడుగుతాడు. కొట్టతను వాటిని చిన్న కవర్లలో పోసి, చివర మెలిపెట్టి, రబ్బరు బ్యాండు చుట్టి ఇస్తాడు. అదే సందులో పిండిమర కావాలంటే వెతుక్కోవాలి. సంసారాల కంటే ఉద్యోగం దొరికేదాకా తలదాచుకునే వాళ్లు ఎక్కువగా ఉండే చోటు అది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హాస్టళ్లు ఖాళీ కాగానే అక్కడ బేరమే లేకుండా పోయింది. అయితే కర్రీ పాయింటు కనిపించిన ప్రతిచోటా ఇదే అర్థం చెప్పుకోకూడదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే కాలనీలో అది నాలుగు డబ్బులు ఆడుతున్నాయనడానికి గుర్తు.

కిరాణా కొట్టులో నేను చూసేది కొలత. పావుకిలో నూనె, పది రూపాయల చింతపండు ఏ పూటకాపూట అమ్ముడవుతుంటే అది రోజుకూలీల వీధి. నెల మొదట్లో ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాలు ఆటోలకెక్కుతుంటే నెలజీతాల ఉద్యోగులది. సూపర్‌మార్కెట్ తెరిచారు కనుక పేట బాగుపడిందనడం మాత్రం తొందరపాటు. దాని పక్కనే అప్పు పుస్తకం నడిపే పాత కొట్టు చెక్కుచెదరకుండా ఉంటే, నెలాఖరున జనం ఎటు నడుస్తారో వేరే చెప్పక్కర్లేదు.

తాకట్టు దుకాణాల విషయంలో నేనే పొరబడ్డాను. మిర్చి పండే గుంటూరు, ఖమ్మం ప్రాంతాల్లో అవి వరుసగా కనిపిస్తే జనం చితికిపోయారనుకున్నాను. కానీ నారు నాటే రోజుల్లో పెట్టుబడికి నగ తాకట్టు పెట్టి, ఎండాకాలంలో పంట మార్కెట్ యార్డుకు చేరాక విడిపించుకునే రైతుకు ఆ వడ్డీ కూడా ఎరువుల ఖర్చులాంటిదే. కాబట్టి ఇప్పుడు అక్కడికి వెళితే దుకాణాలు లెక్కపెట్టను. విడిపించుకోని నగల వేలం ప్రకటన తలుపు మీద అంటించి ఉందా అని చూస్తాను.