సైడ్ మిర్రర్ హీటర్ పనిచేయట్లేదా? అద్దం కొనే ముందు ఇది చూడండి

నమస్కారం అండి. బల్ల మీద మూడు రకాలు పెట్టాను. ఇది వెనక ప్లాస్టిక్ ప్లేటుతో సహా వచ్చే హీటర్ అద్దం. ఇది అద్దం వెనక అతికించుకునే హీటర్ ప్యాడ్. ఇదేమో పాత అద్దం మీదే అంటించేసే పల్చటి అద్దం. సైడ్ మిర్రర్ బాగు చేసుకోవడానికే అని మూడూ అమ్ముతారు. ఏది కొనాలో చెప్తాను గానీ, ముందు పాడైంది అద్దమేనా అన్నది తేలాలి. తప్పు వైర్లో ఉంటే ఎంత మంచి అద్దం వేసినా మంచు కరగదు, డబ్బు దండగ.

ఇందులో పెద్ద యంత్రమేమీ లేదు. అద్దం వెనక పల్చటి ఫిల్మ్, దాని మీద కరెంటు పారే దారి, చివర రెండు చదును పిన్నులు. 12 వోల్టులు అందితే వేడెక్కుతుంది. చాలా కార్లలో వెనక గ్లాసు డీఫాగర్ బటన్‌తోనే ఇవీ ఆన్ అవుతాయి, కాసేపటికి టైమర్ ఆపేస్తుంది. కొన్నింట్లో ఇంజన్ నడుస్తుంటే తప్ప రావు. అందుకని ఇంజన్ ఆన్ చేసి, బటన్ నొక్కి, ఐదు నిమిషాలు ఆగి రెండు అద్దాల మీదా వేళ్ళు పెట్టి చూడండి.

రెండూ చల్లగా ఉన్నాయా? అద్దాల జోలికి వెళ్ళకండి. రెండు ఫిల్ములూ ఒకేసారి పోవడం చాలా అరుదు. వెనక గ్లాసు కూడా చల్లగా ఉంటే రిలే (కరెంటుని ఆన్, ఆఫ్ చేసే చిన్న పెట్టె), స్విచ్, మెయిన్ ఫ్యూజ్ చూడండి. వెనక గ్లాసు వేడెక్కుతూ అద్దాలు మాత్రమే చల్లగా ఉంటే, మిర్రర్లకి విడిగా ఫ్యూజ్ ఉందేమో కారు మాన్యువల్లో వెతకండి. కాలిపోతే అదే ఆంపియర్ది వేయండి, పెద్దది వద్దు. కొత్తదీ కాలిందంటే ఎక్కడో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగులుతున్నట్టు.

ఒక్కవైపే చల్లగా ఉంటే అప్పుడు ఆ వైపు అద్దం తీయాలి. చేతులకి గ్లౌజులు, కళ్ళకి అద్దాలు పెట్టుకోండి. అద్దం మీద అడ్డంగా నాలుగు వరసలు మాస్కింగ్ టేప్ వేయండి, పగిలినా ముక్కలు ఎగరవు. చలిగా ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో అంచుల్ని కాస్త వెచ్చబెట్టండి. చల్లటి ప్లాస్టిక్ క్లిప్పులు వంగవు, విరుగుతాయి. ఒక అంచుని పూర్తిగా లోపలికి నొక్కితే ఎదురు అంచు బయటికి లేస్తుంది. ఆ సందులో ప్లాస్టిక్ ట్రిమ్ టూల్ పెట్టి, క్లిప్పు దగ్గర నెమ్మదిగా లాగండి. స్క్రూడ్రైవర్ పెడితే అద్దం పగులుతుంది, లేదా చుట్టూ ఉన్న ప్లాస్టిక్ హౌసింగ్ మీద గీతలు పడతాయి. కొన్ని పాత కార్లలో క్లిప్పులకి బదులు లాకింగ్ రింగ్ ఉంటుంది, దాన్ని కింది రంధ్రంలోంచి తిప్పి వదులు చేయాలి. మీ మోడల్ పద్ధతి ఏదో ముందే తెలుసుకోండి. అద్దం ఊడగానే గుంజేయకండి, వెనక వైర్లు ఉంటాయి.

ఇప్పుడు మల్టీమీటర్, అంటే వోల్టులు, ఓములు కొలిచే మీటరు తీయండి. చాలామంది వైర్లు పీకేసి వోల్టేజీ చూస్తారు. అలా వద్దు, కనెక్టర్లు అద్దానికి తగిలించి ఉండగానే వాటి వెనక నుంచి రెండు ప్రోబులూ ఆనించి చూడండి. వైరు లోపల ఒకే ఒక్క పోగు మిగిలి ఉన్నా, లోడ్, అంటే కరెంటు లాగే హీటర్, లేకపోతే మీటరు పూర్తి 12 చూపిస్తుంది. లోడ్ పడితే పడిపోవచ్చు. ఇక డోర్‌లోని పనుల్ని నడిపే కంప్యూటర్, అంటే డోర్ మాడ్యూల్, ఉన్న కొన్ని కార్లలో సంగతి తలకిందులు. కనెక్టర్ పీకితే మాడ్యూల్ సర్క్యూట్ తెగిందనుకుని సరఫరా ఆపేస్తుంది. మీటరు సున్నా చూపిస్తుంది, మీరు బాగున్న వైరుని అనుమానిస్తారు.

తగిలించి ఉండగా 12 నుంచి 14 వోల్టులు వస్తూ అద్దం చల్లగానే ఉంటే, పోయింది ఫిల్మే. ఖాయం చేసుకోడానికి కనెక్టర్లు తీసి పిన్నుల మధ్య ఓములు కొలవండి. తీసేటప్పుడు పిన్ను మొదట్లో ఒక చేత్తో పట్టుకోండి, లేకపోతే అది ఫిల్మ్ నుంచి చిరిగి వస్తుంది. బాగున్న అద్దం మామూలుగా 5 నుంచి 20 ఓముల మధ్య చూపిస్తుంది. 10 ఓములంటే 12 వోల్టుల మీద 1.2 ఆంపియర్లు, సుమారు 14 వాట్లు. అసలు రీడింగే రాకపోతే దారి తెగింది. అనుమానం ఉంటే రెండోవైపు అద్దంతో పోల్చండి, అంతకన్నా నమ్మకమైన లెక్క లేదు.

వోల్టేజీ రాకపోతే తప్పు ఎక్కువగా వైరుదే. ఎక్కువగా తెగేది మిర్రర్ మడిచే కీలు లోపల, తర్వాత డోర్‌కీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో. పైన తొడుగు చెక్కు చెదరదు, లోపల రాగి తెగి ఉంటుంది. వైరుని మెల్లగా లాగితే తెగిన చోట తొడుగు సాగుతుంది. కొత్త ముక్క వేసేటప్పుడు సన్నటి పోగులున్న, అంతే మందం ఉన్న మెత్తని వైరు తీసుకోండి. జాయింటు మాత్రం వంగే చోట రాకూడదు. సోల్డర్ చేసిన చోట వైరు బిరుసెక్కుతుంది, వంగినప్పుడల్లా దాని పక్కనే తెగుతుంది. జాయింట్ల మీద లోపల జిగురున్న హీట్‌ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేయండి.

పిన్ను ఊడిపోతే సోల్డర్ పెట్టొచ్చా అని అడుగుతారు. ఫిల్మ్ మీద రాగి ఉంటే త్వరగా ఒక చుక్క పెట్టొచ్చు. అల్యూమినియం అయితే మామూలు సోల్డర్ అంటదు, ఈలోగా వేడికి ఫిల్మ్ కాలిపోతుంది. కనెక్టర్ల మీద ఆకుపచ్చ పొడి, అంటే తుప్పు, ఉంటే మాత్రం సంతోషించండి, శుభ్రం చేసి, లేదా కొత్త కనెక్టర్ వేసి, తేమని ఆపే డైఎలక్ట్రిక్ గ్రీజు పూస్తే సరిపోవచ్చు.

ఇక ఈ మూడింటి సంగతి. ప్లేటుతో వచ్చే అద్దానికే నా ఓటు. కాకపోతే పెట్టె మీద "హీటెడ్" అని చూసి తీసుకోకండి. వెనక్కి తిప్పండి: ఫిల్మ్ అద్దం మొత్తం పరుచుకుందా, మధ్యలో చిన్న ముక్కేనా? చిన్నదైతే అంచుల్లో మంచు అలాగే ఉంటుంది. ఎడమదా కుడిదా, క్లిప్పుల ఆకారం, పిన్ను వెడల్పు, అద్దం వంపు, అన్నీ పాతదానితో సరిచూడండి. వంపు మారితే వెనక బండి దూరం తప్పుగా కనిపిస్తుంది. బ్లైండ్ స్పాట్ లైటో, దానంతటదే నల్లబడే సౌకర్యమో ఉన్న అద్దానికి అదనపు పిన్నులుంటాయి. నల్లబడే భాగం చాలా తక్కువ వోల్టేజీ మీద నడుస్తుంది, పొరపాటున 12 వోల్టులు దానికి ఇస్తే అది పోతుంది. వైర్లు పీకే ముందు ఫోటో తీసుకోండి.

ప్యాడ్ చవక, పని మాత్రం ఎక్కువ. పాత అద్దాన్ని ప్లేటు నుంచి విడదీయాలి, అక్కడే సగం పగులుతాయి. మీ కారుకి అద్దం దొరకనప్పుడే ఈ దారి పట్టండి. కత్తిరించమని గీత లేని చోట ప్యాడ్ కత్తిరించకండి, దారి తెగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కింద గాలి బుడగ మిగలకుండా ఒక పక్క నుంచి నొక్కుతూ అంటించండి. బుడగ ఉన్న చోట వేడి అద్దంలోకి పోక ప్యాడే మాడిపోతుంది.

మూడోది ఈ పనికి వద్దు. దానికి సొంత హీటర్ లేదు, మధ్యలోని ఫోమ్ టేపు కింది వేడిని పైకి రానివ్వదు. పైగా ఆ బరువుకి అద్దం అదురుతుంది.

బిగించే ముందు వైర్లు తగిలించి, హీటర్ ఆన్ చేసి ఒకసారి వేడి చూసుకోండి, ఆ తర్వాతే నొక్కండి. మోటార్‌తో హోల్డర్‌ని (అద్దం బిగిసే భాగాన్ని) నిటారుగా నిలబెట్టి, క్లిప్పుల్ని ఎదురెదురుగా పెట్టి, గుడ్డ వేసి అరచేత్తో మధ్యలో నొక్కండి. మూల నొక్కితే అద్దం పగిలేది అప్పుడే. అన్ని క్లిప్పులూ టక్కుమనాలి. వేళ్ళతో అంచు లాగి చూడండి, నాలుగు వైపులా మోటార్‌తో తిప్పండి, మిర్రర్ మడిచి తెరవండి. ఏదో ఒకవైపు తిరగడం మధ్యలో ఆగితే వెనక వైరు ఇరుక్కుంది, మళ్ళీ తీసి సర్దాలి.