లెక్కలోకి రాని పిల్లవాడు

శ్రోతలకు నమస్కారం.

ఒక నవల గురించీ, దాన్ని చదివినవాళ్లు డెబ్బై ఏళ్లుగా ఏమంటూ వచ్చారో దాని గురించీ ఈ పూట మాట్లాడుకుందాం. నవల పేరు 'లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్'. రాసింది ఇంగ్లండుకు చెందిన విలియం గోల్డింగ్. అచ్చయిన ఆయన మొదటి నవల ఇదే. 1954 సెప్టెంబరులో వచ్చింది.

కథ క్లుప్తంగా చెప్తాను. యుద్ధకాలంలో మగపిల్లల్ని తరలిస్తున్న ఒక విమానం చిన్న దీవి మీద కూలిపోతుంది. పెద్దవాళ్లెవరూ మిగలరు. పిల్లలు శంఖం ఊది సభ పెట్టుకుంటారు. రాల్ఫ్ అనే కుర్రాణ్ణి నాయకుడిగా ఎన్నుకుంటారు. దూరాన పోయే ఓడలకు కనబడాలని కొండ మీద మంట వేస్తారు. కొన్నాళ్లకు జాక్ అనే మరో కుర్రాడు వేటగాళ్లను వెంటేసుకుని వేరుపడతాడు. అక్కణ్ణుంచి ముఖాలకు రంగులు, చీకటంటే భయం, లేని మృగం కోసం వేట, చివరికి హత్యలు. ముగింపు గురించి కూడా మాట్లాడక తప్పదు కాబట్టి, ఇంకా చదవనివాళ్లు నన్ను మన్నించాలి.

ఈ నవలే ఒక పాఠకుడి స్పందనగా పుట్టింది. ఆ పాఠకుడు గోల్డింగే. బాలంటైన్ రాసిన 'ద కోరల్ ఐలండ్' అనే 1857 నాటి పిల్లల నవల ఇంగ్లండులో తరతరాలు చదివారు. అందులోనూ దీవి ఉంది, అందులోనూ రాల్ఫ్, జాక్ ఉన్నారు. వాళ్లు ధైర్యవంతులు, మంచివాళ్లు. చెడు ఎప్పుడూ బయటివాళ్ల రూపంలోనే వస్తుంది. గోల్డింగ్ రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళంలో పనిచేసి, 1944లో నార్మండీ తీరం మీద దాడిలో పాల్గొని వచ్చినవాడు. తర్వాత సాలిస్‌బరీలో మగపిల్లల బడిలో పంతులు. దీవిలో చిక్కుకున్న పిల్లలు నిజంగా ఎలా ప్రవర్తిస్తారో అలా రాస్తే ఎలా ఉంటుందని భార్యను అడిగాడు. రాయమంది ఆవిడ. బడి నోటుపుస్తకాల్లో, కొంత తరగతి గదిలోనే కూర్చుని రాశాడు. పేజీకి ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టే పని ఒక్కోసారి విద్యార్థులకే అప్పగించేవాడట. ఈ లెక్కపెట్టడం అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

రాతప్రతిని చాలామంది ప్రచురణకర్తలు తిప్పి పంపేశారు. నలిగిన కాగితాలతో అది ఫేబర్ సంస్థకు చేరింది. అక్కడ రాతప్రతులు చదివి అభిప్రాయం చెప్పే వ్యక్తి దాని మీద రాసిన మాటలు ఇప్పటికీ ప్రసిద్ధం. అర్థంపర్థం లేని, ఆసక్తి పుట్టించని కల్పన అనీ, చెత్త అనీ, విసుగు అనీ రాసి, తిరస్కరించమన్నారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన చార్ల్స్ మాంటీత్ అనే యువకుడు దాన్ని పక్కన పడెయ్యకుండా తీసుకెళ్లి చదివాడు. మొదట్లో అణుయుద్ధం గురించిన వర్ణన ఆయనకూ భారంగానే అనిపించింది. అయినా ఆపలేదు. పిల్లలు దీవిలో దిగాక వదల్లేకపోయాడు. ఆ మొదటి భాగాన్ని తీసేయించి, ఇంకా కొన్ని మార్పులు చేయించి పుస్తకం వేయించాడు. చదివినవాళ్ల స్పందన అనగానే మనకు పుస్తకం వచ్చాక రాసే సమీక్షలే గుర్తొస్తాయి. ఒక్క మనిషి ఇంకో ఇరవై పేజీలు ఓపిక పట్టడం వల్ల బతికిన పుస్తకం ఇది. దాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు కొంచెం భయమేస్తుంది కూడా.

ఇంగ్లండులో ఫార్‌స్టర్ లాంటి పెద్ద రచయిత మెచ్చుకున్నాడు. అమెరికాలో మాత్రం 1955లో వచ్చిన ముద్రణ సరిగా అమ్ముడుపోక ఆగిపోయింది. 1959లో చవక అట్టతో మళ్లీ వేశాక కాలేజీ విద్యార్థులు ఒకరి నుంచి ఒకరు తీసుకుని చదివారు. అణుబాంబు భయంలో పెరిగిన తరం అది. మనుషులు ఇలాగే ఉంటారు అని ఈ పుస్తకం తమకు చెప్తోందని వాళ్లనుకున్నారు.

దీని మీద వచ్చిన అభ్యంతరాల్లో నాకు బాగా నచ్చింది కళ్లద్దాలది. పిగ్గీ అనే బొద్దు కుర్రాడి కళ్లద్దాలతో ఎండను ఒకచోటికి చేర్చి మంట రాజేస్తారు. కానీ పిగ్గీకి దూరపు చూపు ఆనదు. అలాంటివాళ్లకు ఇచ్చేది పుటాకార కటకం. అది వెలుతురును చెదరగొడుతుందే గానీ ఒకచోటికి చేర్చదు. భూతద్దంలా మంట పుట్టించదు. ఈ తప్పును పట్టుకున్న పాఠకులు చెప్పింది పూర్తిగా నిజం. అంత శ్రద్ధగా చదివినవాళ్లంటే నాకు గౌరవం.

ఆడపిల్లలు ఎందుకు లేరని కూడా చాలామంది అడిగారు. నేను ఒకప్పుడు మగపిల్లాణ్ణే, ఆడపిల్లను ఎన్నడూ కాలేదు అన్న అర్థంలో గోల్డింగ్ జవాబు చెప్పాడు. నాకు ఆ జవాబు చాలు.

ఇక 2020లో వచ్చిన స్పందన అన్నిటికన్నా పెద్దది. రట్గర్ బ్రెగ్మన్ అనే డచ్ చరిత్రకారుడు ఒక నిజమైన సంఘటనను గార్డియన్ పత్రికలో రాశాడు. 1965లో పసిఫిక్ మహాసముద్రంలోని టోంగా దేశంలో ఆరుగురు బడిపిల్లలు అడక్కుండా ఒక పడవ తీసుకుని సముద్రంలోకి వెళ్లారు. తుపానులో చిక్కి, ఎనిమిది రోజులు కొట్టుకుపోయి, అటా అనే ఖాళీ దీవికి చేరారు. పదిహేను నెలలు అక్కడే బతికారు. తోట వేసుకున్నారు, తొలిచిన చెట్టు మొద్దుల్లో వాన నీళ్లు పట్టుకున్నారు, పనులు వంతులవారీగా చేసుకున్నారు. కీచులాడుకుంటే కాసేపు చెరో పక్కకూ పోయి, కోపం తగ్గాక కలిసేవాళ్లు. ఒకడి కాలు విరిగితే మిగతావాళ్లు కట్టు కట్టి చూసుకున్నారు. వెలిగించిన మంటను ఆరిపోనివ్వలేదు. 1966 సెప్టెంబరులో పీటర్ వార్నర్ అనే ఆస్ట్రేలియా నావికుడు వాళ్లను చూసి తీసుకొచ్చాడు.

ఇది చదివి ఎందరో, గోల్డింగ్ చెప్పింది అబద్ధమని తేలిపోయిందన్నారు. నాకూ కళ్లు చెమర్చాయి. అయినా ఆ తీర్పుతో ఏకీభవించలేను. ఆ ఆరుగురూ ముందునుంచే స్నేహితులు, ఒకే బడి పిల్లలు. ఒకరి పేరు ఒకరికి తెలుసు, ఒకరి ఇల్లు ఒకరికి తెలుసు. పైగా ఆ కథను, పిల్లల్ని కాపాడిన నావికుడి వైపు నుంచి ఎక్కువగా చెప్పారని, తమ పెంపకాన్నీ పద్ధతుల్నీ పక్కన పెట్టేశారని టోంగా వాళ్లు కొందరు బాధపడ్డారు. ఆ బాధలో న్యాయముంది. అటా దీవి ఖాళీగా ఎందుకుందో కూడా తెలుసుకోవాలి. 1863లో బానిసల వ్యాపారులు అక్కడి జనాన్ని ఓడల్లో ఎత్తుకుపోయారు. మిగిలినవాళ్లను టోంగా రాజు వేరే దీవికి తరలించాడు. ఆ పిల్లలు నిప్పు కాపాడుకున్నది అలాంటి నేల మీద. వాళ్ల బతుకును ఒక ఇంగ్లిష్ నవలకు జవాబుగా మాత్రమే చూడటం నాకు ఇష్టం లేదు.

నవలలోని పిల్లల్లో చాలామందికి ఒకరి పేర్లు ఒకరికి తెలియవు. నన్ను ఇప్పుడు బాగా పట్టి లాగుతున్నది ఇదే. చిన్నప్పుడు చదివినప్పుడు జాక్ అంటే భయమేసింది. ఈ మధ్య మళ్లీ చదివితే జాక్ కన్నా ఆ చిన్నపిల్లల మీదే కళ్లు నిలిచాయి. మొదటి పేజీల్లోనే పిగ్గీ అందరి పేర్లూ రాసి జాబితా చెయ్యాలంటాడు. అది జరగదు. పిగ్గీ అసలు పేరేమిటో రాల్ఫ్ అడగడు, మనకూ చివరిదాకా తెలియదు. పెర్సివల్ అనే బుడతడు ఎవరు పలకరించినా తన పూర్తి పేరూ ఇంటి చిరునామా అప్పజెప్తూ ఉంటాడు. ఇంట్లో నేర్పి పంపి ఉంటారు. నవల చివర, రక్షించడానికి వచ్చిన అధికారి ముందు నిలబడి ఆ పేరు చెప్పబోతాడు. గుర్తురాదు.

ఇంకొక పిల్లవాడున్నాడు. వాడికి పేరే లేదు. ముఖానికి ఒక పక్కంతా ముదురెరుపు మచ్చ. రెండో సభలో, చీకట్లో మృగం ఉందని చెప్పింది వాడే. పిల్లలు వేసిన తొలి మంట అదుపు తప్పి అడవినంటుకున్నాక, ఆ మచ్చ ఉన్న పిల్లాడు కనబడటం లేదని పిగ్గీ అంటాడు. ఎవరూ మాట్లాడరు. మళ్లీ వాడు కనబడడు. పిగ్గీ కళ్లద్దాలు మంట రాజెయ్యగలవా అని మనం ఇన్నేళ్లు వాదించుకున్నాం. ఆ మంటలో పోయినవాడి గురించి మాట్లాడినవాళ్లు నాకు చాలా తక్కువగా తగిలారు.

చివరి పేజీలో తెల్ల యూనిఫారం వేసుకున్న ఆ అధికారి, ఎవరైనా చనిపోయారా అని రాల్ఫ్‌ను అడుగుతాడు. ఇద్దరే, అంటాడు రాల్ఫ్. అంటే తోటి పిల్లల చేతుల్లోనే చనిపోయిన సైమన్ అనే కుర్రాడూ, పిగ్గీ. మీరంతా ఎంతమంది అని అడిగితే తెలియదని తల అడ్డంగా ఊపుతాడు. మీ దగ్గర పుస్తకం ఉంటే ఆ పేజీ మరొక్కసారి తీసి చూడండి. రాల్ఫ్ అబద్ధం చెప్పడం లేదు. మచ్చ ఉన్న పిల్లవాడు వాడి లెక్కలో లేడు.

నమస్కారం.