జేసన్ ఎక్స్ రివ్యూ: 2455లో కూడా జేసన్ జేసనే

హాయ్ అండీ అందరికీ, ఇవాళ జేసన్ ఎక్స్ గురించి మాట్లాడుకుందాం, ఫ్రైడే ది థర్టీన్త్ హారర్ సిరీస్‌లో 10వ సినిమా, జేసన్ అంటే ఆ సిరీస్‌లో మాస్క్ వేసుకుని జనాన్ని చంపే హంతకుడు. స్పేస్‌లో జేసన్ ఏంటి అని చాలామంది దీన్ని తీసిపారేస్తారు, నాకు మాత్రం చాలా ఇష్టమైన సినిమా.

అసలు స్పేస్‌కి ఎందుకు పంపారంటే, అప్పట్లో జేసన్‌కి ఇంకో హారర్ సిరీస్ విలన్ ఫ్రెడ్డీతో ఫైట్ పెట్టే ఫ్రెడ్డీ వర్సెస్ జేసన్ సినిమా ఏళ్ల తరబడి తెమలట్లేదు, ఈలోపు జేసన్‌ని జనం మర్చిపోకూడదు, అలాగని ఆ కథకి అడ్డు రాకూడదు, అందుకే కథని ఏకంగా 2455కి తీసుకెళ్లిపోయారు. పాడుబడ్డ భూమ్మీదకి ఫీల్డ్ ట్రిప్‌కొచ్చిన స్టూడెంట్స్, గడ్డకట్టి ఉన్న జేసన్‌ని గ్రెండెల్ అనే స్పేస్‌షిప్‌లోకి ఎక్కించేస్తారు, ఇంక చూస్కోండి.

ల్యాబ్ సీన్ ఒక్కటి చాలండి. సింక్ నిండా లిక్విడ్ నైట్రోజన్, జేసన్ ఒక అమ్మాయి మొహాన్ని దాన్లో ముంచి, పైకి తీసి కౌంటర్‌కేసి కొడతాడు, గాజుగ్లాసు పగిలినట్టు ముక్కలైపోతుంది. కత్తి లేదు గొడ్డలి లేదు, అక్కడున్న సైన్సే ఆయుధం, నాకు నచ్చింది అదే.

ఇక హోలోగ్రామ్ సీన్! జేసన్‌ని ఆపడానికి వాడి పాత అడ్డా క్రిస్టల్ లేక్ క్యాంప్‌ని హోలోగ్రామ్‌లో సృష్టిస్తారు, ఇద్దరమ్మాయిలు స్లీపింగ్ బ్యాగుల్లో దూరతారు, వీడు ఒక బ్యాగ్ ఎత్తి రెండో దాన్ని బాదుతుంటాడు. 1988లో వచ్చిన 7వ పార్ట్‌లో స్లీపింగ్ బ్యాగ్‌ని చెట్టుకేసి కొట్టింది గుర్తుందా, అదే అన్నమాట, అక్కడా ఇక్కడా మాస్క్ వెనకున్నది కేన్ హాడరే.

మైనస్ ఏంటంటే ఉబర్ జేసన్, అంటే మెటల్ బాడీతో తిరిగొచ్చే జేసన్, మరీ లేటు. మనిషిలా ఉండే రోబో కేఎమ్ 14 వాణ్ణి తుక్కుతుక్కుగా కాల్చేశాక, నానోటెక్నాలజీ మెటల్ కలిపి మళ్ళీ బాడీ కడుతుంది, ఆ లుక్ అదిరిపోయింది, కానీ అప్పటికి సినిమా చివరికొచ్చేసింది, ఇంటర్వెల్‌కే దింపాల్సింది కదా. కారిడార్ సెట్లు కూడా టీవీ సీరియల్ స్థాయిలోనే ఉన్నాయి.

అయినా సినిమా నిలబడిందంటే హాడర్ వల్లే. డైలాగ్ లేదు, మొహం కనపడదు, భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీసుకుంటూ నిలబడితే చాలు భయం వేస్తుంది, స్పేస్‌షిప్‌లో కూడా అది ఇసుమంత తగ్గలేదు. ఆయన జేసన్‌గా చేసిన 4వ సినిమా, ఆఖరిది కూడా ఇదే, 2003లో ఫ్రెడ్డీతో ఫైట్ వచ్చేసరికి మాస్క్ వేరేవాళ్ళకి ఇచ్చేశారు, అది నాకిప్పటికీ మింగుడుపడదు.