యూకే ఎన్‌ఐ రికార్డు: పీఎఫ్ అనుకుంటే పొరపాటే

(తెర మీద: ఒక పేస్లిప్. 'ఎన్‌ఐ' అన్న గడి చుట్టూ ఎర్ర గీత.)

అందరికీ నమస్కారం. యూకేలో ఉద్యోగం చేసే మనవాళ్లకు ప్రతి నెలా ఈ గడి కనిపిస్తుంది. నేషనల్ ఇన్సూరెన్స్. ఏడాది జీతంలో 12,570 పౌండ్లు దాటిన భాగం మీద 8 శాతం పట్టుకుంటారు, 50,270 దాటిన భాగం మీద 2 శాతం. "మన పీఎఫ్ లాంటిదే కదా, ఇండియా వెళ్లేటప్పుడు తీసేసుకుందాం" అనుకునేవాళ్లు చాలామంది. అలా కుదరదండీ. ఈ డబ్బు వెనక్కి ఇవ్వరు. ఇక్కడ మీ పేరు మీద పోగయ్యేది డబ్బు కాదు, ఏళ్లు.

(తెర మీద: 10, 35)

ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. 2016 ఏప్రిల్ 6 నుంచి పింఛను వయసుకు వచ్చినవాళ్లందరికీ కొత్త స్టేట్ పెన్షన్, అంటే ఈ ఎన్‌ఐ ఏళ్లను బట్టి యూకే ప్రభుత్వం ఇచ్చే పింఛను, వర్తిస్తుంది. పూర్తి పింఛనుకు 35 ఏళ్ల ఎన్‌ఐ ఉండాలి. 2026–27లో ఆ పూర్తి మొత్తం వారానికి 241.30 పౌండ్లు. అంటే మీ రికార్డులో ఒక్కో ఏడాది విలువ వారానికి సుమారు 6.89 పౌండ్లు. 2016కు ముందు కూడా పనిచేసినవాళ్లకు లెక్క కొంచెం వేరు. వాళ్లు, పింఛను ఎంత రావచ్చో చూపే ప్రభుత్వ ఫోర్‌కాస్ట్‌లో వచ్చిన అంకెనే నమ్మాలి.

ఇక 10 సంగతి. కనీసం 10 ఏళ్లు లేకపోతే వచ్చేది సున్నా. తొమ్మిదేళ్లు కడితే తొమ్మిదేళ్ల పింఛను వస్తుందనుకోకండి, ఏమీ రాదు. ఇండియాలో చేసిన ఈపీఎఫ్ సర్వీసు దీనికి కలవదు.

ఇదివరకు ఒక దారి ఉండేది. యూకేలో మూడేళ్లు ఉండి వచ్చినవాళ్లు కూడా హైదరాబాద్‌లో కూర్చుని, సొంతంగా కట్టుకునే ఎన్‌ఐలో తక్కువ రేటున్న క్లాస్ 2 కింద మిగతా ఏళ్లు కొనుక్కునేవారు. 2026 ఏప్రిల్ 6 నుంచి విదేశాల్లో ఉన్న కాలానికి ఆ క్లాస్ 2 తీసేశారు. రేటు ఎక్కువున్న క్లాస్ 3 కట్టాలన్నా కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు యూకేలో పదేళ్ల నివాసమో, పదేళ్ల ఎన్‌ఐయో ఉండాలన్నారు. ముందునుంచే కడుతున్నవాళ్లు మాత్రం కంగారుపడి ఆపేయకండి, మీ విషయంలో ఏం వర్తిస్తుందో యూకే పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీని అడగండి.

అందుకే ఎనిమిది, తొమ్మిదేళ్ల దగ్గర సామాన్లు సర్దుకుంటున్నవాళ్లు ఈ తర్వాతి మాట జాగ్రత్తగా వినండి.

(తెర మీద: క్యాలెండర్. ఏప్రిల్ 5, ఏప్రిల్ 6 పక్కపక్కన.)

ఎన్‌ఐలో ఏడాది అంటే ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 దాకా. ఉద్యోగులకు ఆ ఏడాది లెక్కలోకి రావడానికి పన్నెండు నెలలూ పనిచేయక్కర్లేదు. 2026–27లో ఎన్‌ఐ లెక్కకొచ్చే జీతం మొత్తం 6,708 పౌండ్లకు చేరితే చాలు. నెలకు 3,500 జీతమైతే రెండు నెలల్లోనే అది దాటిపోతుంది. మార్చి చివర్లో తిరిగొచ్చేసినవాళ్లు జూన్ దాకా ఆగి జీతం తీసుకుని ఉంటే ఇంకో ఏడాది రికార్డులో చేరేది. టికెట్ బుక్ చేసేముందు ఇది చూసుకోండి. ఒక్క మెలిక ఉంది: ఇండియా కంపెనీ కొద్దికాలానికి ఆన్‌సైట్ పంపినప్పుడు కొంతకాలం ఎన్‌ఐ మినహాయింపు ఉండొచ్చు. చేతికి జీతం కాస్త ఎక్కువొస్తుంది, కానీ ఆ కాలం మీ రికార్డులో ఉండదు.

నాకు అన్నిటికంటే బాధగా అనిపించేది ఇంట్లో ఆడవాళ్ల రికార్డు. ఆయన రికార్డు నిండుగా ఉంటుంది, పిల్లల్ని పెంచుతూ ఇంట్లో ఉన్న ఆవిడది ఖాళీగా ఉంటుంది. పన్నెండేళ్లలోపు పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్ తీసుకుంటే తల్లికి ఎన్‌ఐ క్రెడిట్ వస్తుందన్నది, అంటే కట్టకుండానే ఆ కాలం రికార్డులో చేరుతుందన్నది నిజమే. కానీ వర్క్ వీసా, డిపెండెంట్ వీసాల మీద ఉన్నవాళ్లకు పబ్లిక్ ఫండ్స్, అంటే కొన్ని ప్రభుత్వ సాయాలు, తీసుకోవడం నిషేధం, చైల్డ్ బెనిఫిట్ అందులోకే వస్తుంది. ఐఎల్‌ఆర్, అంటే యూకేలో శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చాక మాత్రం ఆలస్యం చేయకండి. ఉద్యోగం లేనివారి పేరు మీదే అప్లై చేయండి. ఆయన జీతం 60,000 దాటి డబ్బు వెనక్కి కట్టాల్సొస్తుందనుకుంటే, డబ్బు వద్దని టిక్ పెట్టి క్లెయిమ్ మాత్రం ఉంచండి. క్రెడిట్ వస్తూనే ఉంటుంది.

ఐఎల్‌ఆర్ రాకముందు పార్ట్‌టైమ్ ఉద్యోగమైనా మేలే. వారానికి 129 నుంచి 242 పౌండ్ల దాకా వచ్చే ఉద్యోగంలో ఎన్‌ఐ ఒక్క పౌండు కూడా కట్టకుండానే లెక్కలోకి వస్తారు. ఏడాదంతా అలా చేస్తే ఆ ఏడాది మీదే. అయితే అదంతా ఒకే ఉద్యోగంలో రావాలి. వారానికి 90, 90 ఇచ్చే రెండు చిన్న ఉద్యోగాలు చేస్తే రెండూ లెక్కలోకి రావు.

(తెర మీద: ఫోన్‌లో హెచ్‌ఎంఆర్‌సీ యాప్.)

రికార్డు చూడటం కష్టమేం కాదు. యాప్‌లోనో, గవ్.యూకేలోనో లాగిన్ అయితే ఏ ఏడాది నిండింది, ఏది నిండలేదు అన్నది వరుసగా కనిపిస్తుంది. ఆవిడకు ఆవిడ లాగిన్ వేరుగా ఉండాలి. నిండని ఏళ్లను మామూలుగా ఆరేళ్ల వెనక్కి దాకా పూడ్చుకోవచ్చు. 2026–27 క్లాస్ 3 రేటు వారానికి 18.40, ఏడాదికి సుమారు 957 పౌండ్లు. దానివల్ల పెరిగే పింఛను ఏడాదికి సుమారు 358, కాబట్టి మూడేళ్లలోపే తిరిగొస్తుంది. కానీ రిటైరయ్యేలోపు ఎలాగూ 35 ఏళ్లు నిండేవాళ్లు కడితే వృథా. ముందు ఫోర్‌కాస్ట్ చూసి అప్పుడు కట్టండి.

ఇక, రిటైరయ్యాక గుంటూరులోనో, కరీంనగర్‌లోనో ఉందామనుకునేవాళ్లకు చెప్పక తప్పని మాట. ఇండియాలో ఉండేవాళ్లకు ఈ పింఛను ఏటా పెరగదు. మొదట ఎంత వచ్చిందో అంతే. 2016లో వారానికి 155.65 పౌండ్ల పూర్తి పింఛనుతో ఇండియాలో మొదలుపెట్టినవారికి నేటికీ అదే 155.65. యూకేలో ఉన్నవారికి అది 241.30 అయింది. అదే ఎన్‌ఐ కట్టిన మనుషుల మధ్య ఈ తేడా న్యాయం కాదని నా అభిప్రాయం. ఎక్కడ స్థిరపడాలన్న లెక్కలో దీన్ని తప్పకుండా వేసుకోండి.

పింఛను దానంతటదే రాదు, అడగాలి. 1961 మార్చి 5 తర్వాత, 1977 ఏప్రిల్ 6కు ముందు పుట్టినవాళ్లకు పింఛను వయసు 67. ఇండియా నుంచి అయితే ఇంటర్నేషనల్ పెన్షన్ సెంటర్‌కు అప్లై చేయాలి. అప్పటికి పాత కంపెనీ ఉంటుందో లేదో తెలియదు కాబట్టి మీ ఎన్‌ఐ నంబరు, ఏటా జీతం, పన్ను వివరాలతో కంపెనీ ఇచ్చే పీ60 పత్రాలు, ఈ రెండూ పాస్‌పోర్టులు పెట్టే ఫైల్లోనే పెట్టుకోండి.