ఆసుపత్రి బిల్లు: కార్డు గీకే ముందు

వ్యాఖ్యాత: అమెరికాలోని తెలుగు శ్రోతల సందేహాల కార్యక్రమానికి స్వాగతం. ఆసుపత్రి బిల్లుల వ్యవహారాలు తెలిసిన సలహాదారు మనతో ఉన్నారు. డాలస్ నుంచి ఒక శ్రోత లైనులో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. ఎమ్మెస్ చదువుతున్న మా తమ్ముడికి మార్చిలో అపెండిక్స్ ఆపరేషన్ అయింది. యూనివర్సిటీ బీమా ఖరీదని బయట తీసుకున్న చవక పాలసీవాళ్లు క్లెయిమ్ తిరస్కరించడంతో 38,000 డాలర్ల బిల్లు వాడి నెత్తిన పడింది. నిన్న కలెక్షన్ ఏజెన్సీ ఉత్తరం కూడా వచ్చింది. వీసాకు ఇబ్బందేమోనన్న భయంతో నా క్రెడిట్ కార్డు మీద కట్టేద్దామనుకుంటున్నాను.

సలహాదారు: తొందరపడకండి. కార్డు మీద కట్టారంటే ఆసుపత్రి బాకీ కాస్తా మీ పేరున వడ్డీ పెరిగే బాకీ అవుతుంది. అది లాభాపేక్ష లేని ఆసుపత్రేనా? మొదటి బిల్లు ఎప్పుడు వచ్చింది?

శ్రోత: అవునండీ, లాభాపేక్ష లేనిదే. బిల్లు మీద ఏప్రిల్ 10 అని ఉంది.

సలహాదారు: అయితే ఆసుపత్రి రాయితీకి దరఖాస్తు పెట్టుకోవడానికి ఇంకా గడువుంది. 2010 నాటి ఆరోగ్య సంస్కరణల చట్టం ప్రకారం, పన్ను మినహాయింపు పొందే అటువంటి ఆసుపత్రులు తమ ఆర్థిక సహాయ విధానాన్ని, అంటే కట్టుకోలేని రోగులకు బిల్లులో రాయితీ ఇచ్చే నియమాలను, వెబ్‌సైటులో పెట్టి, డిశ్చార్జి తరువాతి మొదటి బిల్లు నాటి నుంచి 240 రోజుల వరకు దరఖాస్తులు తీసుకోవాలి. మీకు అది డిసెంబరు 6తో ముగుస్తుంది. కానీ దావా వేయకుండా, క్రెడిట్ రిపోర్టుకు ఎక్కించకుండా వాళ్లు ఆగవలసినది 120 రోజులే. ఆ గడువు ఈ ఆగస్టులోనే దాటిపోయింది కనుక, దరఖాస్తు ఈ వారమే పంపించండి. పూర్తి దరఖాస్తు అందాక నిర్ణయం తేలేవరకు అటువంటి చర్యలు ఆపవలసిందే. ఆదాయ పరిమితి, నివాస షరతులు ఏ ఆసుపత్రికి ఆ ఆసుపత్రే పెట్టుకుంటుంది కాబట్టి అవి చదివి చూడండి. అర్హత తేలితే, బీమా ఉన్న రోగులకు సాధారణంగా పడే మొత్తం కన్నా ఎక్కువ వసూలు చేయకూడదు. ప్రైవేటు ఆసుపత్రి తన నిధి నుంచి ఇచ్చే రాయితీ ప్రభుత్వ సహాయం కాదు గనుక, వీసా బెంగ పెట్టుకోనక్కరలేదు.

శ్రోత: మరి ఏజెన్సీ ఉత్తరం సంగతి?

సలహాదారు: అందిన 30 రోజుల్లోగా, బాకీ రుజువు చూపమని మీ తమ్ముడి చేత రాతపూర్వకంగా అడిగించండి; చూపేదాకా వాళ్లు వసూలు ఆపాలి. ఫోనులో మాత్రం ఎంతో కొంత కడతానని మాట ఇవ్వనివ్వకండి. ఆసుపత్రి నుంచి పద్దులవారీ బిల్లు తెప్పించండి. మత్తు డాక్టరు బిల్లు వేరే సంస్థ నుంచి వచ్చిందా?

శ్రోత: వచ్చిందండీ, 2,100 డాలర్లు.

సలహాదారు: ఆసుపత్రి విధానం ఏయే డాక్టర్లకు వర్తిస్తుందో దానికి జతచేసిన జాబితాలో ఉంటుంది. అందులో ఆ సంస్థ పేరు లేకపోతే, రాయితీ కోసం వాళ్లకు విడిగా రాయండి.